కార్డుల పంపకం

ముందుగాల కుర్చీలు లెక్కబెట్టిండ్రు.
నూటికి యాభై ఎనిమిది వాళ్లకు,
నలభై రెండు మాకు.
దశాంశం తర్వాత మిగిలిన కుర్చీని,
కాలు విరిగినదాన్ని,
గోడకు ఆనిచ్చి విడిచిపెట్టిండ్రు.

నాంపల్లిల రెండో అంతస్తు, నిఘంటు శాఖ.
ఫ్యాన్లు, బీరువాలు, జిగురు డబ్బా,
ఆఖరికి నీళ్ల కుండ మీది గ్లాసు గూడ
జాబితాల ఎక్కింది.
ఇగ మిగిలినయి ముప్పై ఆరు చెక్క సొరుగులు.
ఒక్కో కార్డు మీద ఒక్కో మాట.

"వీటినెట్ల పంచుదం సార్?"
సార్ కళ్లద్దాలు తుడుసుకున్నడు.
జీవోల మాటల ముచ్చట లేదు.

నా పక్క టేబుల్ పైడితల్లిది.
నాలుగు నుంచి పది దాక ఎక్కడ చదివినవని
ఫారం అడిగితే
గజపతినగరం అని రాసింది.
గంతే, స్థానికత తేలిపోయింది.
ఇరవై రెండేండ్లు ఒక్క ఫ్యాను కింద కూసున్నం,
దానికి ఫారంల గడి లేదు.

మా ఊళ్లె ఉప ఎన్నికను రెఫరెండం అన్నరు.
ఓటేసి, సిరా వేలుతోని ఆఫీసుకొచ్చిన.
ఆ వేలు జూసి పైడితల్లి
ఏమనలె, చాయ్ గ్లాసు ఇటు జరిపింది.
సకల జనుల సమ్మెల నేను రోడ్డు మీదున్న నలభై రెండు దినాలు
నా టేబుల్ దుమ్ము ఎవరు తుడిచిండ్రో
ఆమె చెప్పలె.
ఆమె పాత చీరె పేలిక నా సొరుగుల దొరికింది.
నేను గూడ అడగలె.

అబద్ధమెందుకు,
రాష్ట్రమొచ్చిన అర్ధరాత్రి గొంతు పోయేదాక అరిచిన.
ఆ రాత్రి మళ్లొస్తే మళ్ల అరుస్త.
ఈ సొరుగులు నాకెర్క గనుక.
బడిల నాతోని దెబ్బలు తిన్న మాటలన్ని
ఈడ్నే పండుకున్నయి.
తొవ్వ. అంగీ. పోరడు. జల్ది.
పశువు తొడ మీది వాత లెక్క
ఒక్కోదానికి ఒక అక్షరం, పక్కన చుక్క: మాం.
మాండలికమట.
దారికి లేదా వాత. చొక్కాకు లేదు.
త్వరగాకు అసలే లేదు.

పైడితల్లి 'బ' సొరుగు గుంజింది.
ఒక కార్డు తీసి నా ముందర పెట్టింది.
బేగి.
దాని మీద గూడ అదే వాత.
"మా అమ్మ రోజుకి నూరుసార్లు అనీది,
బేగి రాయే గుంటా అని.
ఈ కార్డు నానే రాసినాను.
ఆ మాం. కూడా నానే ఎట్టినాను."
గుండ్రటి రాత. ఆమెదే.

మధ్యాహ్నం దాక జల్దిని, బేగిని పక్కపక్కన పెట్టుకొని కూసున్నం.
జల్ది ఉర్దూది కదా, ఎవరి ఖాతాల రాయాలె, అన్నడు సార్.
ఐదు దాటినంక
గోదావరి బండి కూతేసి వెళ్లిపోయింది.

'మ' సొరుగు ఆఖరుకొచ్చింది.
మేము: వినేటోళ్లను విడిచిపెట్టి.
మనం: వినేటోళ్లను కలుపుకొని.
రాసిన పండితుడు ఎన్నడో పోయిండు,
సిరా గోధుమరంగు తిరిగింది.
అసలు ఎవరికి, జిరాక్స్ ఎవరికి?
సార్ చీటీలేసిండు.

అసలు నాకొచ్చింది.
జిరాక్స్ మిషన్ కాడ మూడు వారాలు నిలబడ్డది పైడితల్లి.
మాం. ఉన్న ప్రతి కార్డు మీద
చిన్న తెల్ల కాగితం ముక్క పెట్టి
మూత దించేది.
ఆమె తీసుకపోయిన మాటలకు వాత లేదు.
నాకాడున్నయి అట్లనే ఉన్నయి,
నేను గెలిచిన వాతలు.

ఉమ్మడి రాజధాని గడువు తీరిన పొద్దు
ఫోన్ చేసింది, వెలగపూడి నుంచి.
"ఏటే, మీ హైదరాబాదులో వానలేనా?"
మీ, అన్నది.
ఇద్దరు బిడ్డలను నీలోఫర్ల కన్న మనిషి.
సరిదిద్దబోయి ఆగిన.
ఏ మాటతోని సరిదిద్దాలె?

పడుతున్నది, అన్న.
జల్ది ఆగేటట్టు లేదు.

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు.
"బేగే తగ్గిపోద్దిలే" అన్నది.